తావో అనే తోవ

ఉప్పల్ కూడలిలో నిలిచి, వరంగల్లుకు తోవ ఎటు అని ఎవరినైనా అడిగితే చేయి తూర్పునకు చాచి చూపుతారు. ఓపిక గలవారైతే ఘట్‌కేసరు, భువనగిరి, ఆలేరు, జనగామ అని ఊళ్ల పేర్లు కూడా వరుసగా చెబుతారు. ఎంత చెప్పినా నడిచినవానికి తెలిసినంత విన్నవానికి తెలియదు. తెలుగులో దారి, బాట, తెరువు, తోవ, మార్గం, పథం అని ఈ ఒక్క భావానికి ఎన్నో మాటలున్నాయి. వీటిలో ‘తెరువు’ బ్రతుకుతెరువైంది. ‘దారి’ మంచిదారి, చెడుదారి అయి మనిషి నడవడికి పేరైంది. నేల మీద ఉన్న బాట ఇలా మాటలోకి ప్రవేశించి జీవితాన్ని తెలిపే పదంగా మారడం ఒక్క మన భాషలోనే జరిగింది కాదు.

చైనా భాషలో ‘తావో’ అన్న పదానికి మొదటి అర్థం బాట. దానిని వ్రాసే లిపిసంకేతంలో రెండు భాగాలుంటాయి. ఒకటి తలను, రెండవది నడకను తెలుపుతుంది. అదే పదానికి ‘చెప్పు, పలుకు’ అనే అర్థం కూడా ఉంది. తావో, తోవ అనే మాటలు వినడానికి దగ్గరగా ఉన్నాయని విద్యార్థులు మురిసిపోవడం నేను చూశాను. ఆ మురిపెం మంచిదే గాని, మన తోవకు పూర్వరూపం ‘త్రోవ’ అని మరువరాదు. చెవికి వినిపించిన పోలికతో భాషలకు చుట్టరికం కలపడం పండితులు అంగీకరించరు. పోలిక చెవిలోనిదే అయినా, అర్థం గుర్తుండడానికి మనకు అక్కరకు వస్తుంది కనుక దానిని అంతవరకే వాడుకుందాం.

ఈ తావోను గురించి చెప్పిన వారిలో ప్రథముడు లావోత్సే అని సంప్రదాయం. ఆ పేరుకు ‘వృద్ధ గురువు’ అని అర్థం. అది గౌరవ నామమే గాని తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. క్రీ.పూ. 100 ప్రాంతంలో చైనా దేశ చరిత్రను రచించిన సీమా చియెన్, లావోత్సే చౌ రాజుల గ్రంథాగారాన్ని కాపాడే ఉద్యోగి అనీ, కన్‌ఫ్యూషియస్ ఆయనను దర్శించాడనీ వ్రాశాడు. రాజ్యం క్షీణించడం చూసి లావోత్సే పడమటికి ప్రయాణం కట్టాడట. సరిహద్దు కనుమలో కావలి అధికారి ఆయనను ఆపి, వెళ్లిపోయే ముందు మా కోసం ఏదైనా వ్రాసిపెట్టమని కోరాడట. అప్పుడు వ్రాసిచ్చినదే సుమారు ఐదు వేల అక్షరాల చిన్న గ్రంథం. దాని పేరు ‘తావో తె చింగ్’. వ్రాసి ఇచ్చి ఆయన ఎటు వెళ్లాడో ఎవరికీ తెలియదు. చైనా చిత్రకారులు ఆయనను పశువుపై నెమ్మదిగా సాగిపోతున్న ముదుసలిగా చిత్రిస్తారు. కొన్ని చిత్రాలలో ఆ పశువు దున్నపోతు. మనకు దున్నపోతు అనగానే యముడు గుర్తుకు వస్తాడు గాని, ఆ బొమ్మలలో భయం గొలిపేది ఏమీ ఉండదు. పొలం నుండి ఇంటికి మళ్లే రైతు వలెనే ఉంటాడు ఆ గురువు.

ఈ కథను సీమా చియెన్ కూడా పూర్తిగా నమ్మినట్లు లేదు. లావోత్సే ఎవరై ఉంటాడన్న దానికి మరి ఇద్దరు ముగ్గురి పేర్లు కూడా చెప్పి ఊరుకున్నాడు. గ్రంథం మాత్రం చాలా ప్రాచీనమైనది. 1973లో మావాంగ్‌త్వీ అనే చోట క్రీ.పూ. 168 నాటి సమాధిలో పట్టువస్త్రంపై వ్రాసిన రెండు ప్రతులు దొరికాయి. 1993లో గ్వోదియెన్ అనే చోట అంతకంటె పాతవైన వెదురు పలకలు బయటపడ్డాయి. అవి క్రీ.పూ. 300 ప్రాంతానివి. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పనిలో ఉన్నవారికి ఇటువంటి వార్త ఎంత ఆనందం కలిగిస్తుందో చెప్పనలవి కాదు. ఇప్పుడు లభించే గ్రంథంలో 81 చిన్న అధ్యాయాలున్నాయి. మాటలలో పెట్టగలిగినది శాశ్వతమైన తావో కాదని మొదటనే హెచ్చరించి, ఆ తరువాత 81 అధ్యాయాలు మాటలాడిన గ్రంథమిది.

మాటలలో ఇమడనిదానిని ఒక భాష నుండి మరొక భాషకు ఎలా తేవడం? ఈ చిక్కు పదమూడు వందల యేండ్లకు పూర్వమే ఒక మహాపండితునికి ఎదురైంది. ఆయన మనకు పరాయివాడు కాడు. హుయాన్‌త్సాంగ్ అనే చైనా యాత్రికుడు క్రీ.శ. 639-40 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చాడు. వేంగిని చూశాడు. కృష్ణాతీరంలోని ధాన్యకటకంలో కొన్ని నెలలు నిలిచి, అక్కడి భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని చదివాడు, తనకు తెలిసిన శాస్త్రాలను వారికి చెప్పాడు. 645లో స్వదేశానికి మరలాడు. కామరూప ప్రభువైన భాస్కరవర్మ, లావోత్సే గ్రంథాన్ని సంస్కృతంలో పంపవలసిందిగా చైనా చక్రవర్తిని కోరాడు. 647లో చక్రవర్తి తాయ్‌త్సుంగ్ ఆ పనిని హుయాన్‌త్సాంగ్‌కు అప్పగించి, తావో గురువులను తోడిచ్చాడు.

పని మొదటి మాట వద్దనే ఆగింది. తావోను సంస్కృతంలో ‘బోధి’ అనాలని తావో గురువులు పట్టుబట్టారు. కాదు, ‘మార్గ’ అనాలని హుయాన్‌త్సాంగ్ అన్నాడు. పైకి ఇది నిఘంటువు తగవు వలె కనిపిస్తుంది. నిజానికి ఇందులో రెండు మతాల గౌరవం ఇమిడి ఉంది. చైనాలో బౌద్ధులు తొలి రోజులలో తమ బోధిని తెలపడానికి తావో అన్న మాటనే అరువు తెచ్చుకున్నారు. కాబట్టి దానిని తిరిగి బోధి అనడంలో తప్పేమిటని ఆ గురువుల వాదం. బోధి అంటే మేలుకొన్న జ్ఞానం. మార్గం అంటే నడవవలసిన బాట. రెంటినీ ఒకటి చేస్తే లావోత్సేకు, బుద్ధునికి భేదం లేదన్నట్లవుతుందని హుయాన్‌త్సాంగ్ భయం. చివరకు ఆయన మాటే నెగ్గింది. ఆ సంస్కృత గ్రంథం నేడు లభించడం లేదు. అది దొరికి ఉంటే మన సాహిత్య చరిత్రలో మరొక అధ్యాయం ఉండేది. ఒక పండితునిగా నేను హుయాన్‌త్సాంగ్ పక్షమే వహిస్తాను. మార్గమన్న మాటలో నడక ఉంది. తావోను నడిచి తెలుసుకోవాలి గాని, కూర్చుని నిర్వచించరాదు.

నిర్వచించరాదంటూనే కొంత చెప్పక తప్పదు. ఆకాశం, భూమి, ఋతువులు, ప్రాణులు ఏ తీరున పుట్టి, పెరిగి, మరలిపోతున్నాయో ఆ తీరు తావో. దానికి ఆకారం లేదు, కోపతాపాలు లేవు. మొక్కుబడులకు లొంగదు. ఆ తావో ఒక్కొక్క ప్రాణిలో, ఒక్కొక్క వస్తువులో దానిదైన శక్తిగా, గుణంగా నిలిచినపుడు దానిని ‘తె’ అంటారు. వేపకు చేదు, చెరకుకు తీపి ఎవరూ నేర్పరు. అది వాటి తె. యిన్, యాంగ్ అనే జంటను గురించి మీరు వినే ఉంటారు. నీడ, వెలుగు, చలి, వేడి, స్త్రీత్వం, పురుషత్వం అనే ద్వంద్వాలకు అవి పేర్లు. అవి దేవాసురుల వలె పోరాడే పక్షాలు కావు. పగలు ముదిరితేనే రాత్రి, వేసవి పండితేనే వాన. ఒకటి మరొకదానిలో అంకురిస్తుంది.

ఇక తావో నీతికంతటికీ మూలమైన భావం ‘వు వెయ్’. మాటకు మాటగా దాని అర్థం ‘చేయకపోవడం’. ఈ మాట పలకగానే తరగతిలో వెనుక బల్ల నుండి ఒక గొంతు తప్పక లేస్తుంది. “అయితే సార్, పరీక్షలకు చదవకపోవడం కూడా తావోయే గదా!” నవ్వులు ముగిసిన తరువాత నేను చేపల పులుసును గురించి అడుగుతాను. పెద్ద రాజ్యాన్ని పాలించడం చిన్న చేపలను వండడం వంటిదని లావోత్సే అభిప్రాయం. దీనికి వ్యాఖ్యానాలు చాలా ఉన్నాయి గాని, పులుసు కాచే తల్లికి ఏ వ్యాఖ్యానమూ అక్కరలేదు. చింతపండు పులుసులో ముక్కలు పడిన తరువాత ఆమె గరిటె ముట్టదు. గిన్నె అంచులు గుడ్డతో పట్టుకొని మెల్లగా ఒక తిప్పు తిప్పుతుంది. గరిటెతో కలిపితే ముక్కలు చితికిపోతాయి. ఆమె ఊరక కూర్చోలేదు. పొయ్యి మంట మీద, పులుసు చిక్కదనం మీద ఆమె కన్ను ఉంది. వస్తువు స్వభావమెరిగి, దానికి ఎదురు పోకుండా, అవసరమైనంతే చేయి చేసుకోవడం వు వెయ్. సోమరితనానికి దీనితో ఏ బంధుత్వమూ లేదు.

లావోత్సే తరువాత రెండవ మహాగురువు చువాంగ్‌త్సే. క్రీ.పూ. నాలుగవ శతాబ్దివాడు. లావోత్సే సూత్రకారుడైతే ఈయన కథకుడు. ఈయన చెప్పిన ఒక కథలో ఒక కసాయి రాజు ఎదుట ఎద్దును కోస్తాడు. మామూలు కసాయివారు నెలకొక కత్తి మారుస్తారు, నేర్పరులు ఏడాదికొకటి మారుస్తారు; అతని కత్తి మాత్రం 19 యేండ్లయినా సానపట్టినట్లే ఉంటుంది. ఎముకను నరకకుండా, కీళ్ల మధ్య సహజంగా ఉన్న సందులలో కత్తిని పోనిస్తాడు కనుక. అయితే కష్టమైన ముడి ఎదురైనపుడు అతడు వేగం తగ్గించి, చూపు నిలిపి, మెల్లమెల్లగా కదులుతాడు. ఈ చివరి మాటను చాలామంది విడిచిపెడతారు. నాకు కథలో అన్నిటికన్నా విలువైనది అదే. కసాయి వద్ద నీతి వినడం కొందరికి రుచించకపోవచ్చు. వారు భారతంలో అరణ్యపర్వాన్ని తలచుకోవాలి. తపస్వియైన కౌశికుడు ధర్మం తెలియగోరి మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుని వద్దకే వెళ్లాడు. ధర్మవ్యాధుడు స్వధర్మాన్ని, తల్లిదండ్రుల సేవను నోటితో ఉపదేశించాడు. చైనా కసాయి ఉపదేశమంతా అతని చేతిలోని కత్తే.

వు వెయ్‌ని మన నిష్కామకర్మతో పోల్చడం పరిపాటి. పోలిక ఉన్నది నిజమే గాని, రెండూ ఒకటి కావు. గీతలో మనిషి ఫలాన్ని ఆశించక తన విధిని నిర్వర్తిస్తాడు. తావోలో విధి అన్న మాటకే పెద్ద చోటు లేదు. నీరు పల్లానికి పారడం నీటి విధి అని అనం గదా!

నీరన్న మాట వచ్చింది కనుక ఇక్కడ కొంతసేపు నిలవాలి. లావోత్సేకు నీటిని మించిన గురువు లేడు. నీరు అందరికీ మేలు చేస్తుంది, ఎవరితోనూ పోటీ పడదు, అందరూ తక్కువగా చూసే పల్లపు చోటులోనే నిలుస్తుంది. అంత మెత్తనిది రాతిని అరగదీస్తుంది. చైనా పురాణాలలో దీనికి దీటైన కథ ఒకటుంది. వరదలు దేశాన్ని ముంచెత్తినపుడు ‘కున్’ అనేవాడు తొమ్మిదేండ్లు కట్టల మీద కట్టలు కట్టాడు. నీరు వాటిని తెంచుకొని వచ్చింది. అతని కుమారుడు ‘యు’ కట్టలను నమ్మక, కాలువలు త్రవ్వి నీటికి సముద్రం వరకు తోవ చూపాడు. ఇది పురాణం. చరిత్రలో కూడా సాక్ష్యమున్నది. క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ పింగ్ అనే అధికారి మిన్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టకుండా, నది నడుమ చేపమూతి వంటి గట్టు నిర్మించి ప్రవాహాన్ని రెండు పాయలుగా చీల్చాడు. ఒక పాయ పొలాలకు, మరొకటి వరదకు. తూచియాంగ్‌యెన్ అనే ఆ నిర్మాణం నేటికీ పొలాలకు నీరందిస్తున్నది. దానికి సమీపంలోనే తావో మఠాలకు నెలవైన ఛింగ్‌ఛెంగ్ కొండ ఉంది. 2000లో యునెస్కో ఈ రెంటినీ కలిపి ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇంత దూరం పోనక్కరలేదు. మన తెలంగాణంలో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల పద్ధతిని చూడండి. ఎగువ చెరువు నిండితే మత్తడి దూకుతుంది. ఆ మిగులునీరు వాగు పట్టి దిగువ చెరువుకు చేరుతుంది. అది నిండితే మరొకటి. నీటిని ఆపడం, వదలడం రెండూ ఒకే కట్టలో ఉన్నాయి. మత్తడి ఎత్తును నిర్ణయించిన పెద్దలు లావోత్సేను చదివి ఉండరు. నేల వాలును చదివారు. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు, రామంతపూర్ పెద్దచెరువు వంటివి ఇలా నేల వాలును బట్టి వెలసినవే. వీటి మిగులునీరు అంతిమంగా చేరవలసినది నాగోలు ప్రక్కగా సాగిపోయే మూసీకి.

పట్టణం పెరిగింది. నాచారంలో కార్మికవాడలు, ఉప్పల్‌లో కాలనీలు వెలిశాయి. చెరువుల శిఖం భూములు ఇండ్ల స్థలాలైనాయి. వాగులు నాలాలై సన్నగిల్లాయి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కుండపోతగా వాన కురిసినపుడు, ఘట్‌కేసరు ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వర్షం నమోదైంది. ఉప్పల్, రామంతపూర్, హబ్సిగూడలలో అనేక కాలనీలు నీట మునిగాయి. అవి కరోనా దినాలు. పాఠాలు ఫోన్ల మీద సాగుతున్నాయి. మా విద్యార్థిని ఒకతె వారం రోజుల తరువాత తరగతిలో కనిపించింది. వరద గురించి వ్యాసం వ్రాయమన్నాను. మా ఇంటికి నీళ్లు రాలేదు, నీళ్ల ఇంటికే మేము పోయి కూర్చున్నాము అని ఆమె వ్రాసింది. ఆ వాక్యానికి నేను మార్కులు వేయలేకపోయాను. ఆ తండ్రి కష్టార్జితంతో కొన్న ఇల్లది. స్థలం కొన్న నాడు అక్కడ చెరువున్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. స్వభావానికి ఎదురు పోవడం అంటే ఏమిటో తావో గ్రంథం చదివి తెలుసుకున్నదానికంటె ఆ వ్యాసం చదివి ఎక్కువ తెలుసుకున్నాను. ఎదురు పోయినవారు ఒకరు, ఫలం అనుభవించినవారు మరొకరు. ఈ అన్యాయానికి తావో గ్రంథంలో సూటియైన సమాధానం నాకు కనబడలేదు.

లావోత్సే తన వద్ద మూడు నిధులున్నాయని చెప్పుకున్నాడు. మొదటిది తల్లికి బిడ్డపై ఉండే వంటి కరుణ. రెండవది మితం. మూడవది లోకానికి ముందు నిలవాలన్న తెగువ లేకపోవడం. వింత ఏమంటే, ఈ మూడూ మెత్తనివిగా కనిపించి గట్టి ఫలాలిస్తాయని ఆయన నమ్మకం. కరుణ నుండి ధైర్యం పుడుతుందంటాడు. పెరటిలో కోడిపెట్టను చూసినవారికి ఇది తెలిసినదే. ఒంటరిగా ఉన్నపుడు కుక్క అలికిడికే పరుగెత్తే పెట్ట, పిల్లలు వెంట ఉన్నపుడు గద్ద మీదికి కూడా ఎగురుతుంది. మితం నుండి ఔదార్యం పుడుతుంది. దుబారా చేసేవాని చేతిలో ఇతరులకు ఇవ్వడానికి ఏముంటుంది?

మూడవ నిధి మాత్రం ఈ ప్రాంతపు విద్యార్థులకు మింగుడుపడదు. వారిని తప్పుపట్టలేను. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని ఊపిరి తిప్పుకోకుండా ర్యాంకులు చదివే ప్రకటనల నడుమ పెరిగిన పిల్లలకు ముందు నిలవకూడదని చెబితే ఎలా వింటారు? ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వెనుకబడి ఉండమని లావోత్సే చెప్పలేదు. ముందుండాలన్న తహతహ మనిషి శక్తిని తినివేస్తుందన్నాడు. చువాంగ్‌త్సే దీనిని విలువిద్యతో వివరించాడు. ఆటగా పెంకులు పందెం పెట్టినపుడు గురి తప్పనివాడు, ఇత్తడి ముక్క పందెమైతే తడబడతాడు, బంగారం పందెమైతే కళ్లు మసకబారుతాయి. చేతినేర్పు మూడు చోట్లా ఒక్కటే. మారినది మనసులోని బరువు. ఇంటిలో చక్కగా చేసిన లెక్క పరీక్ష గదిలో మరచిపోయిన ప్రతి విద్యార్థికీ ఈ విలుకాడు తెలుసు.

పోటీ లేనిచోట మనిషి ఎలా ఉంటాడు? దానికి తావో గురువులు వాడే మాటలు రెండు. ఒకటి చెక్కని మొద్దు. ఇంకా బొమ్మగానో బల్లగానో మారని కొయ్యలో అన్ని రూపాలకూ అవకాశం ఉంది. రెండవది తనంత తానుగా ఉండడం. ఈ రెండవదానికి తెలుగులో చక్కని మాట ఉంది: సహజం. మన బమ్మెర పోతన తన భాగవత స్కంధాంత గద్యలలో తనను ‘సహజపాండిత్య’ అని చెప్పుకున్నాడు. గురువు వద్ద వల్లెవేసి తెచ్చుకున్నది కాక, పుట్టుకతో వచ్చిన పాండిత్యమని అర్థం. ఉప్పల్ నుండి వరంగల్లుకు పోయే ఈ తోవనే పట్టి జనగామ చేరితే, ఆ జిల్లాలోనే బమ్మెర ఉన్నది. సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతాన్ని తనకు అంకితమిమ్మని కోరాడనీ, హాలికుడై బ్రతికిన పోతన నిరాకరించాడనీ కథ. చువాంగ్‌త్సే కథ కూడా అటువంటిదే. ఆయన నది ఒడ్డున గాలం వేసుకొని కూర్చున్నపుడు చూ రాజు మంత్రిపదవి ఇస్తానని దూతలను పంపాడు. మీ రాజాలయంలో పట్టువస్త్రం చుట్టి దాచిన పవిత్రమైన తాబేటి చిప్ప ఉన్నదట, ఆ తాబేలు అలా పూజలందుకోవడానికి ఇష్టపడేదా, బురదలో తోక ఈడ్చుకుంటూ బ్రతకడానికి ఇష్టపడేదా అని ఆయన అడిగాడు. బ్రతకడానికే అన్నారు వారు. అయితే వెళ్లండి, నేనూ బురదలోనే ఉంటానన్నాడు. పోతన నిరాకరణకు భక్తి కారణం, చువాంగ్‌త్సే నిరాకరణకు స్వేచ్ఛ కారణం. రాజులకు మాత్రం రెండూ ఒకే విధంగా చేదు.

తావోలో నేను అంగీకరించలేని అంశాలు కూడా ఉన్నాయి. చువాంగ్‌త్సే గ్రంథంలో ఒక ముదుసలి తోటమాలి కుండతో నీరు మోసి మడులకు పోస్తుంటాడు. దారిన పోయే కన్‌ఫ్యూషియస్ శిష్యుడు ఏతం వేసుకోరాదా, కొద్ది శ్రమతో వంద మడులు తడుస్తాయి గదా అంటాడు. యంత్రం వాడేవానికి యంత్రం వంటి మనసే వస్తుందని ముదుసలి కోపగిస్తాడు. వినడానికి బాగుంది. ఏతం లేక నడుము విరిగిన రైతును అడిగితే ఏమంటాడో? నాచారం పారిశ్రామికవాడలో యంత్రం పక్కన నిలిచి పిల్లలను చదివించుకున్న తండ్రులు నాకు తెలుసు. వారి మనసు యంత్రమైపోలేదు. ప్రజలకు జ్ఞానం పెరిగితే పాలించడం కష్టమన్న ధోరణి కూడా లావోత్సేలో అక్కడక్కడ తొంగిచూస్తుంది. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాడు ఆ మాటకు తలవంచలేడు.

క్రీ.శ. 142 ప్రాంతంలో చాంగ్ తావోలింగ్ అనే ఆయనతో తావో ఒక వ్యవస్థగల మతమైంది. గురుపరంపర, ఆలయాలు, తంతులు ఏర్పడ్డాయి. చావులేని స్థితిని పొందాలని మందులు కాచినవారు కూడా బయలుదేరారు. మన రససిద్ధుల వలెనే వారూ పాదరసంతో ప్రయోగాలు చేశారు. లావోత్సే, చువాంగ్‌త్సేల గ్రంథాలలో చావును గెలవాలన్న తొందర ఇంతగా కనిపించదు.

చువాంగ్‌త్సే భార్య మరణించినపుడు పరామర్శకు వచ్చిన మిత్రునికి ఆయన కాళ్లు బార్ల చాపుకొని, గిన్నె బోర్లించి వాయిస్తూ పాడుతూ కనిపించాడు. కలిసి బ్రతికి, బిడ్డలను పెంచిన ఇల్లాలు పోతే ఏడవకపోవడమే కాక పాట కూడానా అని మిత్రుడు మందలించాడు. మొదట నాకూ దుఃఖం ఆగలేదు, ఆ తరువాత ఆమె రాకముందు ఏముందో తలచుకున్నాను, నాలుగు ఋతువుల వలె ఆమె వచ్చింది, మరలింది అని ఆయన జవాబు. మన పల్లెలలో అంతిమయాత్రకు డప్పు మోగడం చూసినవారికి ఈ గిన్నె చప్పుడు అంత వింతగా తోచదు.

ఆయనకే అంత్యకాలం సమీపించినపుడు శిష్యులు ఘనంగా సమాధి చేయాలని తలచారు. ఆకాశభూములు నాకు శవపేటిక, సూర్యచంద్రులు ఆభరణాలు, ఇంకేమి కావాలన్నాడు గురువు. నేల మీద విడిచిపెడితే కాకులు, గద్దలు తింటాయని భయపడుతున్నామని శిష్యులన్నారు. పైన కాకులు, గద్దలు తింటాయి, క్రింద చీమలు తింటాయి. వాటి నోటి నుండి లాగి వీటికి పెట్టడం ఏమి పక్షపాతమని ఆయన నవ్వాడు.